టీకా పది గంటలకొస్తే కోడి దొరకదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఉగాది నాటికి మా ఇంట్లో చిన్నా పెద్దా కలిసి 23 కోళ్ళు. పండగ దాటిన తొమ్మిది రోజుల్లో రెండే మిగిలాయి. మొదట ఒక ఎర్ర పెట్ట గోడవార రెక్కలు జార్చుకుని నిలబడింది. సున్నంలో పసరు కలిపినట్టు పారింది. మూడో నాటికి ఇంకో రెండు మెడలు మెలిదిప్పుకుని ఆకాశం చూస్తూ వెనక్కి నడిచాయి. పక్కింటి అవ్వ వచ్చి చూసి, "కొక్కెర రోగం తగిలిందమ్మా, ఇంక నీ గంప ఖాళీనే" అనింది. అట్లే అయింది.

చేయని వైద్యం లేదు. వెల్లుల్లి, మిరియాలు, పసుపు నూరి మింగించాము. ఊర్లో కోళ్ళ మందు అమ్మే అంగడాయన ఒక పొడి ఇచ్చాడు, నీళ్ళలో కలిపి తాపాము. అది వేరే జబ్బులకు పనిచేసే మందట, కొక్కెర వైరస్ కాబట్టి దాన్ని ఏ పొడీ ఆపదని తర్వాత తెలిసింది. ఆ తెలివి ముందే ఉంటే కనీసం పొడి డబ్బులైనా మిగిలేవి.

నాకు కోపం రోగం మీద కాదు. ఈ కొక్కెరనే రాణిఖెట్ అంటారు. 1920లలో ఉత్తరాన ఉన్న ఆ కొండ ఊర్లో కనబడిందని ఆ పేరు పెట్టారు. అదే కొండల్లోని ముక్తేశ్వర్‌లో 1940లలోనే దీనికి టీకా తయారుచేశారు. మా అమ్మ పుట్టక ముందు నుంచీ ఉన్న టీకా అన్నమాట! కోడిపిల్లకు వారం రోజులప్పుడు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద అర మిల్లీలీటరు సూది. ఇంత చిన్న పని మా పల్లెకు ఎందుకు రావడం లేదన్నదే నా ప్రశ్న.

టీకా అసలు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. పోయిన మార్చిలో ఒకసారి వచ్చింది. ఉదయం పదిన్నరకు ఐసు డబ్బాతో ఒకాయన బండి మీద వచ్చాడు. ఆ పొద్దుకు కోళ్ళు ఎక్కడుంటాయి? దిబ్బల మీద, కంచెల కింద, గడ్డి వాము చుట్టూ. పట్టుకోబోతే ఇంటి కప్పెక్కుతాయి. ఆడవాళ్ళం కూలికి పోయుంటాము. ఒక్క సీసాలో వంద కోళ్ళకు సరిపడా మందు ఉంటుంది. కలిపిన రెండు గంటల్లో వాడకపోతే పారబోయాల్సిందే. అందుకని ఆయన, "వంద కోళ్ళు పోగు చేస్తేనే సీసా తెరుస్తా" అన్నాడు. ఇంటికి నాలుగైదు కోళ్ళున్న ఊర్లో వంద కావాలంటే ఇరవై ఇళ్ళు కలవాలి. ఎండలో గంటసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆయన తప్పని నేను అనను. ఒక్క మనిషికి ఎన్నో ఊర్లు, బర్రెలు, ఆవులు, గొర్రెలు, మేకలు. వాటి తర్వాతే కోడి.

కోడి అంత చిన్నదా? మాది కళ్యాణదుర్గం వైపు వేరుశనగ మీద బతికే పల్లె. వాన కరుణిస్తే పంట, లేకపోతే అప్పు. మగవాళ్ళ చేతికి పోకుండా ఆడవాళ్ళ చేతికొచ్చే డబ్బు ఏదైనా ఉందంటే కోళ్ళదే. సంఘం పొదుపు, పిల్లల నోటు పుస్తకాలు, చుట్టాలొస్తే సంగటిలోకి పులుసు, అన్నీ ఆ గంప కింద నుంచే. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద పెరటి కోళ్ళు 31 కోట్ల 70 లక్షలని, అంతకు ముందు లెక్కకన్నా 45 శాతం పైనే పెరిగాయని పేపర్లోనే చదివాను. లెక్కలోకి తీసుకున్న కోడిని టీకాలోకి కూడా తీసుకోవాలి కదా.

పెరటి కోళ్ళకు ప్రోత్సాహం అంటే మన దగ్గర కోడిపిల్లలు పంచడమే. వనరాజా, గ్రామప్రియ మంచి జాతులే, గుడ్లు బాగా పెడతాయి. కానీ అవి పొదుగుకు కూర్చోవు. నాటు పెట్ట గుడ్లు పెట్టడం ఆపి, ఈకలు రేపి, గంపలోంచి లేవనని మొండికేస్తుంది చూడండి, ఆ గుణం వాటిలో పోగొట్టారు. అందుకే కొక్కెర వచ్చి నాటు పెట్టలు పోయిన ఇంట్లో తిరిగి కోళ్ళు పెరగవు. కరెంటు, మిషను లేకుండా 21 రోజులు గుడ్లను కాచి, తిప్పి, పిల్లలను గద్దల నుంచి కాపాడి, ఏది తినాలో ఏది తినకూడదో నేర్పే తల్లి పోయినట్టే. పంచిన పిల్లలకు మొదటి చుక్క వేసే ఇస్తున్నారు, బాగుంది. ఎనిమిది వారాల సూదికి మాత్రం ఎవరూ తిరిగి రారు.

నాకు మిగిలిన రెండింటిలో ఒక ముసలి పెట్ట మే నెలలో పొదుగుకు వచ్చింది. ఆగలేక 11 గుడ్లు పెట్టాను. నాలుగే పిల్లలయ్యాయి. మా అత్త ముందే చెప్పింది, ఎండాకాలం గుడ్డు రెండు మూడు రోజులు బయటుంటే ఆ వేడికే సగం కదిలి లోపలే చస్తుందని. ఆమె గుడ్లను తడి ఇసుక మీద పెట్టిన కుండలో దాస్తుంది, వారం దాటితే పొదగెయ్యదు. గంపలో ఊక పోసి, ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక ఇనుప ముక్క, రెండు ఎండుమిరపకాయలు పెడుతుంది. ఇనుము సంగతి నాకు తెలియదు గానీ, ఏడో రాత్రి టార్చి లైటు మీద గుడ్డు పెట్టి నరాలు కనబడని వాటిని తీసేయడం మాత్రం ఏ డాక్టరూ కాదనడు.

మా వైపు పొదగెయ్యడానికి మంచి కాలం సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు. అప్పుడు పుట్టిన పిల్లలకు ఎనిమిది వారాలు వచ్చేది ఎండలు ముదిరేటప్పటికి, అంటే సరిగ్గా కొక్కెర తిరిగే రోజులకే. కాబట్టి టీకాకు క్యాలెండరు కొత్తగా రాయనక్కర లేదు, మా గంపలే చెబుతాయి.

నా తప్పు కూడా రాయాలి. రోగం మొదలైన నాలుగో నాడు, ఇంకా బాగున్నట్టు కనబడిన మూడు కోళ్ళను సంతలో అమ్మేశాను. ఎవరింటికి పోయాయో, వాళ్ళ ఇంట్లో ఎన్ని చచ్చాయో. చచ్చిన వాటిని మొదట వంకలో పారేశాము, కుక్కలు ఊరంతా ఈడ్చాయి. గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలని చెప్పిన మనిషి లేడు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు రాష్ట్రమంతా కోడికూర మానేసింది. కొక్కెరో బర్డ్ ఫ్లూనో కంటితో చూసి తేల్చలేము, నమూనా భోపాల్ ప్రయోగశాల దాకా పోవాలి. పెరట్లో చచ్చిన కోడి గురించి చెప్పుకోవడానికే దారి లేకపోతే నమూనా ఎవరు తీస్తారు?

పశుసంవర్ధక శాఖను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ పిల్లలకు ఎనిమిది వారాలు నిండేటప్పటికి ఊరికొక తేదీ ఖాయం చేయండి. ముందు రోజు సాయంత్రం మైకులో చెప్పండి. తెల్లవారుజామున ఐదుకు, గంపలు ఎత్తకముందే రండి. ఉద్యోగులకు అంత పొద్దున రావడం కష్టమైతే మా సంఘాల్లో పశువుల బాగోగులు చూసే పశుసఖులకు సూది వేయడం నేర్పి, ఐసు డబ్బా వాళ్ళ చేతికివ్వండి. ఊరికొకరున్నా చాలు. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు కోళ్ళు తినే గుళికల రూపంలో ఈ టీకా తయారుచేశారు. పట్టుకోవడానికి చిక్కని నాటుకోళ్ళకు అంతకన్నా అనువైనది ఏముంది? దాన్ని మన దగ్గర కూడా వాడి చూడొచ్చు.

ఈ సోమవారం 12 గుడ్ల మీద ఆ ముసలి పెట్టనే మళ్ళీ కూర్చోబెట్టాను. మా వీధిలో ఇంకో ఆరిళ్ళలో పొదుగులున్నాయి. టీకా ఏ రోజో ఒక్కరు చెబితే, ముందు రాత్రి కోళ్ళన్నిటినీ గంపల కింద మూసి, పైన రాయి పెట్టి ఉంచుతాము.

ఇట్లు,
ఒక డ్వాక్రా సభ్యురాలు,
అనంతపురం జిల్లా