వార్షిక నివేదిక: ఈ ఏడాదంతా ఒక ఆల్చిప్ప

సభ్యులందరికీ నమస్కారం.

లెక్కలు ముందే చెప్పేస్తాను. ఖర్చు పెద్దగా లేదు, చందా బాకీలు మాత్రం ఉన్నాయి. పద్దులు గోడకు అంటించాం, చూసుకోండి. ఎండాకాలంలో సమావేశాలు జరగలేదు. తిరుపతి ఎండలకు సాయంత్రం ఆరింటికి కూడా ఎవరూ ఇల్లు కదల్లేదు.

మిగతా ఏడాది ఒక్క ఆల్చిప్ప చుట్టూనే తిరిగింది. గుజరాత్‌లో ఉద్యోగం చేసి రిటైరై వచ్చిన మన సభ్యుడొకరు ఎప్పుడో కచ్ నుంచి తెచ్చుకున్నది. అరచేతిలో పట్టేంత ఉంది, రాయిగా మారిపోయింది. జురాసిక్ కాలపు సముద్రంలోది. ఆ కాలం సుమారు 20 కోట్ల ఏళ్ల కిందట మొదలై 14.5 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. చిప్పకు సేమ్యా పోగుల్లా ఐదు తెల్లటి గొట్టాలు అంటుకుని ఉన్నాయి. మొదటిరోజు కొందరు చెట్టు వేళ్లన్నారు, ఒకరు నత్తలన్నారు.

అవి సెర్పులిడ్ అనే సముద్రపు పురుగులు కట్టుకున్న ఇళ్లు. వానపాముకు దూరపు చుట్టాలు. ఈ పురుగు సున్నంతో తన చుట్టూ గొట్టం కట్టుకుని, మూతి దగ్గర కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతుంది. ఈకల్లాంటి తంతువులు బయటికి చాచి నీళ్లలో నలుసుల్ని పట్టుకు తింటుంది. అలికిడైతే లోపలికి లాక్కుంటుంది, చాలా రకాలకు బిగించుకోడానికి మూత కూడా ఉంటుంది. మెత్తటి ఒళ్లు కుళ్లిపోయి గొట్టమే మిగిలింది. జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో వీటికి పెట్టిన సెర్పులా అన్న పేరుకు లాటిన్‌లో చిన్న పాము అని అర్థం. వీటి బంధువులు ఇప్పటికీ చెన్నై రేవులో పడవల అడుగున పేరుకుంటున్నాయి. ఇక నత్తల సంగతి. కొన్ని నత్తలూ ఇలాంటి గొట్టాలే కడతాయి, కానీ వాటి లోపలి గోడ నిగనిగలాడుతుంది. విరిగిన చోట చూస్తే మనది వెలవెలబోతోంది.

భూతద్దంతో మూడు సమావేశాలు గడిచాయి. పైవైపున్న నాలుగింటిలో ఒక గొట్టం ఇంకోదాని మీదుగా ఎక్కి పోయింది, కాబట్టి అది తర్వాత వచ్చింది. క్యూలైన్‌లో ఎవరు ముందో తేల్చడం కంటే ఇదే సులువని ఒకాయన అన్నారు. ఐదోది చిప్ప లోపలి వైపుంది. చిప్ప బతికుంటే అక్కడ మాంసం ఉండాలి, పురుగుకు చోటెక్కడిది? పురుగు వచ్చేసరికి చిప్ప చచ్చి, నోరు తెరుచుకుని ఉందన్నమాట. ఈ ముక్క తట్టిన సాయంత్రం టీ చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మట్టి పోతుందని నేనే ఆ చిప్పను పూజ సామాన్లతో పాటు చింతపండు రసంలో రాత్రంతా నానబెట్టాను. పులుపుకు సున్నం కరుగుతుందని తెలిసీ చేసిన పని. పొద్దున చూస్తే పై గొట్టం మీద సన్నగీతలు చెరిగిపోయాయి. చిప్ప తెచ్చినాయన ఒక్క మాటా అనలేదు. అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

మన కొండల్లోనూ వెతుకుదామని కొత్త సభ్యులు అడుగుతున్నారు. దొరకవు. తిరుమల కొండరాళ్లు 150 కోట్ల ఏళ్లకు పైబడినవి, అప్పటికి గుల్లలున్న జీవులే పుట్టలేదు. పుస్తకాల్లో ‘తిరుపతి ఇసుకరాయి’ కనబడితే సంబరపడ్డాం కానీ అది ద్వారకా తిరుమల పేరు మీద పెట్టింది. వచ్చే ఏడాది సత్యవేడు వైపు ఆకుల ముద్రలున్న రాళ్లు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నాం.

చిప్ప ప్రస్తుతం మా ఇంట్లోనే, దూది పరిచిన డబ్బాలో ఉంది. ఎవరైనా వచ్చి చూడొచ్చు. వంటింటి వైపు మాత్రం తీసుకెళ్లకండి.

– కార్యదర్శి