షంటు (మెదడులో ఎక్కువగా చేరిన నీటిని కిందికి దించే గొట్టం) వేసిన పిల్లల నమోదు గురించి
ఆశా అక్కలూ, మొన్న లంక నుంచి ఓ తల్లి పడవ దాటుకుని బాబును తెచ్చింది. వాంతులు, మగత. డిశ్చార్జి కాగితం వరదనీళ్ళకు నాని సిరా అలుక్కుపోయింది, షంటు ఎప్పుడు వేశారో కూడా చదవలేకపోయాం. అందుకే ఇక అన్నీ ట్యాబ్‌లోనే: ఆపరేషన్ తేదీ, షంటు పెట్టె మీది స్టిక్కర్ ఫొటో, తల చుట్టుకొలత సెంటీమీటర్లలో, 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు.

ఇన్ఫెక్షన్ ఎక్కువగా మొదటి 6 నెలల్లోనే వస్తుంది, అప్పుడు విజిట్ తప్పొద్దు. గొట్టం మూసుకుపోవడం ఏళ్ళ తర్వాతైనా జరగొచ్చు. మళ్ళీ ఆపరేషనైతే పాత ఎంట్రీ చెరపకండి, కింద కొత్తది రాయండి. మాడు ఉబ్బినా, కళ్ళు కిందికి వాలినా ట్యాబ్ పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి పంపండి.

లంకల్లో సిగ్నల్ ఉండదని తెలుసు, రేవు దాటాక వివరాలు ఎక్కించండి. పిల్లల ఫొటోలు, పేర్లు ఈ గ్రూపులో మాత్రం పెట్టొద్దమ్మా.