ఘాట్ మూసేస్తే బాగుచేసినట్టేనా?

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో మా సీలేరు ఘాట్ రోడ్డు (చింతపల్లి వైపు నుంచి సీలేరు మీదుగా భద్రాచలం వైపు పోయే మా కొండదారి) వార్త వచ్చింది. భారీ వాహనాలు నిలిపేశామని, మరమ్మతులు పూర్తయ్యేవరకు ప్రజలు సహకరించాలని అధికారులు కోరినట్టు రాశారు. ఆరోజే రాద్దామనుకున్నాను గానీ కాఫీ పళ్ల కోతల్లో పడి ఆలస్యమైంది. వానలు పడ్డ ప్రతి ఏడాదీ సహకరిస్తూనే ఉన్నాం. ఇంకా ఎన్నాళ్లు సహకరించాలో తేదీ కూడా వేసుంటే బాగుండేది.

మరమ్మతులు అన్న చోట నేను చూసిందేమిటో చెప్తాను. లోయ వైపు రోడ్డు అంచు ఒక బస్సు పొడవున జారిపోయింది. వంగి చూస్తే మిగిలిన తారు కింద మట్టే లేదు, పెచ్చులా గాల్లో వేలాడుతోంది. దాని ముందు కొన్ని ఇసుక బస్తాలు, రెండు డ్రమ్ములు, ఒక ఎర్ర రిబ్బను. ఒక బస్తా అప్పుడే చిరిగి ఇసుకంతా వాన నీళ్లలో పోయింది. పొక్లెయినర్ లేదు, మేస్త్రి లేడు, కనీసం కాపలా మనిషి కూడా లేడు. బస్సు ఆపేశారు కాబట్టి ప్రమాదం తప్పిందని ఫైల్లో రాసుకోవచ్చు. కానీ బస్సు లేకపోయేసరికి జనమంతా జీపులకు ఎగబడుతున్నారు. లోపల పట్టినంతమంది, వెనక వేలాడేవాళ్లు, టాపు మీద బస్తాలతో పాటు ఇంకొందరు. ఆ జీపులు ఈ వేలాడే తారు పక్క నుంచే పోతున్నాయి. టిక్కెట్టు కొట్టే బస్సు ప్రమాదం, లెక్కాపత్రం లేని జీపు క్షేమం అన్నమాట.

మరో దారి ఉంది కదా అంటారు. ఉంది, మ్యాపులో. నర్సీపట్నం దిగి, రాజమండ్రి వైపు పోయి, మళ్లీ మారేడుమిల్లి ఘాట్ ఎక్కి చింతూరు చేరితే భద్రాచలం వెళ్లొచ్చు. దారకొండలో ఉన్న మనిషికి సీలేరులో పని ఉంటే ఈ చుట్టు తిరగాలా? పురిటి నొప్పులు వచ్చిన ఆడబిడ్డను జీపు డ్రైవరు దయ మీద చింతపల్లి తీసుకెళ్లాలా? లారీ రావడం లేదని పప్పు, నూనె ధర పెంచేశారు షాపుల వాళ్లు. మా కాఫీ, మిరియాలు కొనే వ్యాపారి మాత్రం అదే కారణం చెప్పి రేటు తగ్గించాడు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే.

నేను ఇంజనీరును కాను. అయినా ఘాట్ రోడ్డు పూర్తిగా మూయకుండా బాగుచేయలేరని ఎవరైనా అంటే మాత్రం నమ్మను. 2021 డిసెంబరు 1న తెల్లవారుజామున తిరుమల రెండో ఘాట్‌లో బండలు దొర్లిపడి రోడ్డూ, దాని అంచును ఆపే రిటైనింగ్ గోడా దెబ్బతిన్నాయి. అలాగని భక్తులను కొండకు రావద్దన్నారా? మొదటి ఘాట్‌లోనే కాసేపు ఎక్కే బళ్లను, కాసేపు దిగే బళ్లను వదిలారు. తర్వాత లింకు రోడ్డు మీదుగా మళ్లించారు. ఐఐటీ నిపుణులను పిలిపించి కొండ చూపించారు. వైకుంఠ ఏకాదశి రద్దీకి ముందే జనవరిలో రోడ్డు తెరిచేశారు. అక్కడ రెండు ఘాట్లున్నాయి, డబ్బుంది, స్వామివారి మహిమ కూడా ఉందనుకుందాం. మాకు ఉన్నది ఒకటే రోడ్డు. కాబట్టే దాన్ని ఇంకా జాగ్రత్తగా తెరిచి ఉంచాలి కదా?

తెగిన చోట కొండ వైపు సగం రోడ్డు ఇంకా గట్టిగానే ఉంది. అటువైపు పడ్డ మట్టి, రాళ్లు ఎత్తేసి, పైన ఊగుతున్న బండలను ముందే దింపేస్తే ఒక బండి పోయేంత దారి వస్తుంది. దాని మీద బళ్లు నడిపిస్తూ లోయ వైపు వైరు జాలీల్లో రాళ్లు నింపి అడుగు నుంచి గోడ కట్టుకు రావచ్చు. సిమెంటు లారీ వచ్చినప్పుడో, మిషను అడ్డం తిరిగినప్పుడో కాసేపు ఆపితే ఎవరూ గొడవ పెట్టుకోరు. పొద్దున ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా ఎక్కేవి, ఆ తర్వాత దిగేవి అని రెండు చివర్లా బోర్డు పెడితే జనం దాని ప్రకారమే బయల్దేరతారు. టైము చెప్పకుండా ఆపితేనే టెన్షన్. అంబులెన్సు వస్తే మాత్రం అన్నీ ఆగాలి.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, అటువాళ్లకీ ఇటువాళ్లకీ కబురెలా అని ఒక చిన్న అధికారి నన్నడిగారు. వరుసలో చివరి బండి డ్రైవరుకు ఒక ఎర్ర జెండా ఇచ్చి పంపండి చాలు. ఆ జెండా అవతలి గేటుకు చేరాకే అటు బళ్లు కదలాలి. ఒకే లైను ఉన్న చోట రైళ్లను ఏళ్ల తరబడి ఇలాంటి టోకెన్‌తోనే నడిపారు. దీనికి కావలసింది ఒక జెండా, ఇద్దరు మనుషులు, వాళ్లకు గొడుగులు. టెండరు పిలవాల్సినంత ఖర్చేమీ కాదు, బహుశా అదే దీనిలో ఉన్న లోపం.

రైలంటే గుర్తొచ్చింది. ఇవే తూర్పు కనుమల్లో బొర్రా వైపు కొత్తవలస–కిరండూల్ లైను మీద రాళ్లు పడితే రైల్వేవాళ్లు రాత్రంతా లైట్లు పెట్టి పట్టాలు ఖాళీ చేస్తారు. ఆ లైన్లో ఎక్కువగా పోయేది ఇనుప ఖనిజం. మా రోడ్డు మీద పోయేది మనుషులేనాయె!

అసలు ఈ రోడ్డును కోసేది తుపాను ఒక్కటే కాదు, మూసుకుపోయిన కాల్వలు. కొండ వైపు సైడు కాల్వలో ఆకులూ మట్టీ నిండిపోతే నీళ్లు తూములోకి పోవు, రోడ్డు దాటి లోయ వైపు దూకుతాయి. అక్కడి నుంచి అంచు కొరుక్కుంటూ వస్తాయి. ఒకప్పుడు ఒక్కో ముక్కకు గ్యాంగు కూలీలు ఉండేవారు. వానాకాలానికి ముందే పార, గంప పట్టుకుని కాల్వలు తీసేవారు, గ్యాంగు మేస్త్రికి ఏ మలుపులో ఏ తూము ఉందో కంఠతా వచ్చు. రిటైరైనవాళ్ల చోట కొత్తవాళ్లను వేయలేదు. ఇప్పుడు ఏ తూము ఎక్కడుందో అది కొట్టుకుపోయాకే తెలుస్తోంది. మట్టి తీసేటప్పుడు కూడా చూడండి, పై మలుపులో తీసింది లోయలోకి నెట్టేస్తారు. ఘాట్‌లో లోయ అంటే కింది మలుపే కదా, అదంతా అక్కడి రోడ్డు మీదే పడుతుంది. దాన్ని ఎత్తడానికి మళ్లీ ఇంకో బిల్లు.

2024 సెప్టెంబరులో మా మండలంలోని చట్రాపల్లిలో కొండచరియ విరిగిపడి ప్రాణం పోయింది. సీలేరు దారిలో చాలాచోట్ల కొండే రోడ్డు మీదకొచ్చింది. అప్పుడూ నాయకులొచ్చారు, ఫొటోలు దిగారు, శాశ్వత పరిష్కారం అన్నారు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండర్లు వేయడం లేదని ఆఫీసులో చెప్తారు. నిజమే కావచ్చు. ఆ సంగతి కాంట్రాక్టరూ, ప్రభుత్వమూ తేల్చుకోవాలి గానీ మధ్యలో మేమెందుకు జీపు టాపు మీద కూర్చోవాలి?

ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, దిగువ సీలేరులో 460 మెగావాట్లు కరెంటు తీసే కొండలివి. ఇప్పుడు సీలేరులో 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు (కిందికి వదిలిన నీళ్లనే మళ్లీ పైకి తోడి కరెంటు తీసేది) కూడా కడతారట. సంతోషం. అంత పెద్ద టర్బైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు ఏ దారిన తెస్తారో కాస్త కనుక్కుని రాయండి. బస్సుకే పనికిరాని రోడ్డు మీదుగానా? లంబసింగిలో మంచు చూడ్డానికి కార్లు వచ్చే సీజన్లో అక్కడిదాకా గుంతలు పూడుస్తారు. అది దాటి మా వైపు మలుపు తిరిగేసరికి ప్రభుత్వం అయిపోయినట్టు అనిపిస్తుంది.

మీ విలేకరిని కూడా ఒక మాట అడగాలి. అధికారులు చెప్పింది రాయడం తప్పు కాదు. కానీ పని ఎవరికి అప్పగించారు, ఎప్పుడు మొదలెడతారు, అప్పటిదాకా చిన్న బస్సయినా ఎందుకు నడపరు అన్న మూడు ప్రశ్నలు అడిగి ఆ జవాబులు కూడా వేసుంటే నేను ఇంత ఉత్తరం రాసేవాణ్ని కాదు. వాళ్లు జవాబు చెప్పకపోతే చెప్పలేదనే వేయండి.

ఇంకో సాయం. ఎవరైనా మంత్రిగారి పర్యటన ఈ వైపు ఖాయమైతే మీకు ముందే తెలుస్తుంది. దయచేసి మాకూ చెప్పండి. ముందురోజు రాత్రికల్లా రోడ్డు ఎలాగూ తయారవుతుంది, ఆ సందులో మా కాఫీ బస్తాలు కిందికి దించేసుకుంటాం.

ఇట్లు,
ఒక కాఫీ రైతు,
గూడెం కొత్తవీధి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా.