వార్షిక నివేదిక 2024–25: డెఫోతో ఒక ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి పదిహేను రోజుల ముందే ఈ నివేదిక మీ చేతికి అందాలని మన నిబంధనావళిలో ఉంది. అందలేదు. తప్పు నాదే. సగం నాది అనడం న్యాయం. మిగతా సగం ఎవరిదో చదువుతూ పోతే మీకే అర్థమవుతుంది.

ఏడాదికి ఒక రచయితను తీసుకుని దొరికినంతవరకూ చదవడం మన పద్ధతి. ఈసారి వంతు 'రాబిన్సన్ క్రూసో' నవల రాసిన ఇంగ్లిష్ రచయిత డేనియల్ డెఫోది. పేరు ప్రతిపాదించిన రోజున కార్యవర్గంలోనే ఒకరు, "రాబిన్సన్ క్రూసో నాన్‌డిటెయిల్‌లో చదివేశాం కదండీ, మళ్లీ ఏడాదంతా ఎందుకు?" అన్నారు. నిజానికి నాదీ అదే సందేహం, పైకి అనలేదంతే. తీరా మొదలుపెట్టాక తెలిసింది, మనం చదివింది ఆ మనిషి రాసినదాంట్లో ఒక మూల మాత్రమేనని. లండన్‌లో కొవ్వొత్తుల వ్యాపారి కొడుకు. మేజోళ్ల వ్యాపారం చేసి 1692లో 17,000 పౌండ్ల అప్పుతో దివాలా తీశాడు. ఇటుకల బట్టీ పెట్టాడు, ప్రభుత్వానికి గూఢచారిగా పనిచేశాడు, జైలుకెళ్లాడు. అరవై దగ్గరపడేదాకా నవల జోలికే పోలేదు. ఆ తర్వాత 1719 నుంచి 1724 లోపు క్రూసో, కెప్టెన్ సింగిల్టన్, మాల్ ఫ్లాండర్స్, కర్నల్ జాక్, రొక్సానా, ప్లేగు పుస్తకం వరసగా వచ్చేశాయి. అరవై దాటాం, ఇంక మాకెందుకులే అని సమావేశాలు మానేసిన సభ్యులు ఈ వాక్యం మరోసారి చదవాలని మనవి.

మొదటి రెండు సమావేశాలు కరపత్రాలకే పోయాయి. 1697 నాటి 'ఎస్సే అపాన్ ప్రాజెక్ట్స్' మీద మాట్లాడిన సభ్యురాలు బాగా తయారై వచ్చారు. బ్యాంకులు, రోడ్లు, దివాలా తీసినవాళ్లను జైల్లో కుక్కకుండా చట్టం, ఆడవాళ్లకు చదువు చెప్పే అకాడమీ, తలా కొంచెం వేసుకుని ఆపదలో ఆదుకునే సంఘాలు, అన్నిటికీ అందులో పథకాలున్నాయి. దివాలా తీసిన అయిదేళ్లకు దేశమంతటికీ లెక్కలు వేసి పెట్టాడన్నమాట. మన కోశాధికారిగారు ఆ మాట విని నవ్వారు. ఎందుకు నవ్వారో నేను అడగలేదు.

1702 చివర్లో వచ్చిన 'ద షార్టెస్ట్ వే విత్ ద డిసెంటర్స్' కథ చాలామందికి కొత్త. అధికారిక చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లను డిసెంటర్లు అనేవారు. డెఫో కూడా వాళ్లలో ఒకడే. వాళ్లను ఉరి తీయాలి, దేశం దాటించాలి అని రంకెలేసే ఛాందసుల గొంతు పెట్టుకుని, పేరు లేకుండా ఆ కరపత్రం రాశాడు. వెటకారం ఎంత బాగా కుదిరిందంటే ఆ ఛాందసులు దాన్ని నిజమనుకుని మెచ్చుకున్నారు, డిసెంటర్లు నిజమనుకుని హడలిపోయారు. రాసింది ఎవరో బయటపడ్డాక రెండు పక్షాలకీ కోపం వచ్చింది. పట్టిస్తే 50 పౌండ్లు ఇస్తామని గెజెట్‌లో ప్రకటన వేశారు: నడితరం ఎత్తు, బక్కపలచ మనిషి, గద్దముక్కు, కోసు గడ్డం, నోటి పక్కన పెద్ద పుట్టుమచ్చ. ఆయన రూపం మనకు ఇంత బాగా తెలియడానికి ఆ పోలీసు ప్రకటనే కారణం. 1703 జులై ఆఖరి మూడు రోజులు నడిబజారులో పిల్లరీలో నిలబెట్టారు. మన బొండకొయ్య లాంటిదే, కాకపోతే మెడా చేతులూ బిగిస్తారు. ఆ శిక్ష మీద కూడా 'హిమ్ టు ద పిల్లరీ' అని పద్యం రాసి అచ్చేయించాడు. జనం రాళ్లకు బదులు పూలు విసిరారని ఒక కథ ఉంది. అందంగా ఉంది కాబట్టే నమ్మడానికి జంకుతున్నాను.

జైలు నుంచి విడిపించిన రాబర్ట్ హార్లీ అనే మంత్రికే తర్వాత పనిచేశాడు. 1704 నుంచి 1713 దాకా 'రివ్యూ' అనే పత్రిక నడిపాడు, ఎక్కువ కాలం వారానికి మూడుసార్లు. దాదాపు అంతా ఒక్కడే రాసేవాడు. మధ్యలో స్కాట్లండ్ వెళ్లి, ఇంగ్లండ్‌తో దాని 1707 విలీనానికి ప్రచారమూ గూఢచర్యమూ చేస్తూనే పత్రిక ఆపలేదు. మన సంఘం త్రైమాసిక పత్రిక నాలుగు పేజీలు. రెండో సంచికకు వ్యాసాలు ఇస్తామని చేతులెత్తిన సభ్యులు ఏడుగురు. అందింది ఒక్కటి, అదీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా. ఇంతకన్నా రాయను.

1703 నవంబరులో ఇంగ్లండ్‌ను ఊడ్చేసిన గాలివాన మీద డెఫో 'ద స్టార్మ్' తెచ్చాడు. చూసినవాళ్లు చూసినట్టు రాసి పంపండని పత్రికల్లో ప్రకటన ఇచ్చి, ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ కూర్చి వేశాడు. ఆ రోజు సమావేశం పుస్తకం మీద నుంచి 1977 నవంబరు దివిసీమ ఉప్పెన మీదకు జరిగిపోయింది. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆ రాత్రి సంగతి మొదలుపెడితే అధ్యక్షులవారు గడియారం తీసి బల్ల సొరుగులో పెట్టేశారు. మినిట్స్ పుస్తకంలో ఆ సమావేశానికి ముగింపు సమయం రాసి లేదు. ఆడిటర్‌గారు అడిగితే ఇదే జవాబు.

క్రూసోకు రెండు సమావేశాలు, 1722లో వచ్చిన 'ఎ జర్నల్ ఆఫ్ ద ప్లేగ్ ఇయర్'కు ఒకటి. ప్లేగు పుస్తకానికి మనుషులు ఎక్కువ వచ్చారు. 1665 ప్లేగు నాటికి డెఫోకు అయిదారేళ్లు. అయినా ఊళ్లో మిగిలిపోయిన ఒక వ్యాపారి కళ్లతో చూసినట్టు రాశాడు. వారం వారం చావుల పట్టికలు, తలుపు మీద గుర్తు పెట్టి కుటుంబంతో సహా ఇంటికి తాళం వేయడం, కావలివాణ్ని ఏమార్చి పారిపోయే జనం. చదువుతుంటే మనకు 2020 గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? క్రూసో సమావేశంలో మాత్రం గొడవే జరిగింది. తనతో పాటు చెర తప్పించుకున్న జూరీ అనే కుర్రవాణ్ని క్రూసో అరవై నాణేలకు అమ్మేస్తాడు. ఓడ మునిగింది కూడా బానిసలను తేవడానికి బయలుదేరినప్పుడే. ఇవేవీ మన నాన్‌డిటెయిల్‌లో లేవు. "పిల్లల కోసం తీసేశారు" అని ఒకరు, "మన కోసం తీసేశారు" అని మరొకరు. ఇద్దరూ టీ తాగకుండానే వెళ్లిపోయారు. తర్వాతి నెల ఇద్దరూ వచ్చారు, అది సంతోషం.

ఇక ఫిబ్రవరి కార్యక్రమం. ఇది మన సంఘం చరిత్రలో చెప్పుకోదగ్గదని నా అభిప్రాయం. నేను పూనుకున్నది కాబట్టి అంటున్నానని కొందరు అనుకోవచ్చు. అనుకోనివ్వండి.

విషయం ఇది. ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ మన కోరమాండల్ తీరం నుంచి అద్దకం బట్టలు ఓడల్లో తీసుకుపోయేది. బందరులో కంపెనీ కొఠీ 1611లోనే వెలిసింది. రంగు పోని మన పూలబట్టలంటే ఇంగ్లండ్ ఆడవాళ్లు పడి చచ్చేవారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు కడుపు మండింది. డెఫో వాళ్ల పక్షం. ఒకప్పుడు పనివాళ్లు, పిల్లలు కట్టుకున్న గుడ్డ ఇప్పుడు దొరసానుల ఒంటి మీదకు ఎక్కిందని, పరదాలు, కుర్చీలు, చివరికి పడకల దాకా పాకిందని 1708లోనే 'రివ్యూ'లో వాపోయాడు. 1719లో లండన్ నేతగాళ్లు వీధుల్లో పడి ఆడవాళ్ల ఒంటి మీది కాలికో గౌన్లు చించారు. కాలికో అంటే ఈ నూలుగుడ్డే. అదే ఏడాది ఏప్రిల్‌లో క్రూసో వచ్చింది. అదే ఏడాది చివర్లో డెఫో 'ద మాన్యుఫాక్చరర్' అనే పత్రికలో కాలికోకు వ్యతిరేకంగా నేతగాళ్ల కోసం రాయడం మొదలుపెట్టాడు. 1721లో పార్లమెంటు చట్టం చేసి అద్దకం నూలుబట్టలు కట్టుకోవడాన్నే, ఇంట్లో వాడటాన్నే నిషేధించింది. అచ్చంగా నీలం రంగు వేసినవాటికి, ఇంకా కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు.

బెజవాడలో కూర్చుని ఇది చదివి ఊరుకోవడం ఎలా? పెడనలో తాతల నాటి నుంచి అద్దకం పని చేస్తున్న ఒక పెద్దాయనను బతిమాలి పిలిపించాం. టేకు అచ్చులు ఒక గోనెసంచి నిండా తెచ్చారు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ఎందుకు నానబెడతారో, పటిక ఎక్కడ పడితే అక్కడే ఎరుపు ఎందుకు పట్టుకుంటుందో, వెనకటి రోజుల్లో చిరివేరుతో ఆ ఎరుపు ఎలా తెచ్చేవారో, కాలవ పారే నీళ్లలో ఉతకడానికి ఎందుకు పట్టుబడతారో చేసి చూపించారు. ఆ తర్వాత నేను డెఫో రాసింది తెలుగులో చదివి వినిపించాను. ఆయన అంతా విని, "అంటే మా తాతల పొట్టకొట్టినాయన గురించా మీరు ఏడాదిగా చదువుతుంది?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. నాకు చెమటలు పట్టాయి. ఆయనే మళ్లీ, "ఆయన వాళ్ల నేతగాళ్ల కోసం రాశాడు. మావాళ్ల కోసం అప్పుడెవరు రాశారు?" అన్నారు. దానికి మనలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆయన తెచ్చిన దుప్పట్లు పదీ అక్కడికక్కడే అమ్ముడుపోయాయి.

హాలంతా అన్నాను గానీ అది హాలు కాదు, ఒక సభ్యుడి మేడ. అసలు హాలుకు అనుమతి కోరుతూ రెండు నెలల ముందే అర్జీ పెట్టాం. ఆ కార్యాలయం పేరు రాయను. మూడుసార్లు తిరిగాను. ఒకసారి సారు మీటింగ్‌లో ఉన్నారన్నారు, ఒకసారి ఫైలు పైకి వెళ్లిందన్నారు, మూడోసారి పైనుంచి కిందికి రావాలన్నారు. అనుమతి పత్రం కార్యక్రమం అయిన మర్నాడు వచ్చింది, సీలుతో సహా. ఆ టెన్షన్‌లో కుర్చీలు మోయడానికి పేర్లిచ్చిన పదకొండు మందిలో ముగ్గురే వచ్చారు. మిగిలిన ఎనిమిది మందికీ ఆ సాయంత్రమే పెళ్లిళ్లు ఉన్నాయట. ఆ రోజు ముహూర్తమే లేదని తర్వాత పంచాంగం చూస్తే తెలిసింది.

ఆఖరి కార్యక్రమం డెఫో రచనల జాబితా చార్టు. ఇది మామూలు పని అనుకుని దిగాం. దిగాక గానీ లోతు తెలియలేదు. ఆయన రాసినవాటిలో చాలావాటి మీద పేరు లేదు. క్రూసో మీద కూడా 'అతనే రాసుకున్నది' అని వేశారు తప్ప డెఫో పేరు వేయలేదు. దాంతో పోయాక ఎవరికి తోచినవి వాళ్లు ఆయన ఖాతాలో చేర్చారు. 1960లో జాన్ రాబర్ట్ మూర్ వేసిన జాబితా 550 దగ్గరికి వెళ్లింది. శైలి ఆయనదిలా ఉంది, అభిప్రాయం ఆయనదిలా ఉంది అన్నవీ అందులో చేరాయి. తర్వాత ఫర్‌బ్యాంక్, ఓవెన్స్ అనే ఇద్దరు కూర్చుని, రుజువు ఏదీ అని ఒక్కొక్కటీ అడుగుతూ, 1998 నాటికి దాన్ని ఇంచుమించు సగం చేశారు. సముద్రపు దొంగల చరిత్ర పుస్తకం కూడా వాళ్ల కత్తెరకు పోయింది. మా చార్టులో అది తీసేసినవాటి కిందకు పోగానే ఒక యువ సభ్యుడు నిజంగానే బాధపడ్డాడు.

డ్రాయింగ్ షీట్లు అంటించి అంటించి చివరికి చార్టు మెట్ల మలుపులో పట్టలేదు. క్రూసో కూడా నెలల తరబడి పెద్ద దేవదారు దుంగను తొలిచి పడవ చేస్తాడు, తీరా దాన్ని నీళ్లదాకా జరపలేకపోతాడు. అది చదివి నవ్విన వాళ్లమే కదా మనం. మూడు ముక్కలుగా కోశాం: కచ్చితంగా ఆయనవి, అనుమానం ఉన్నవి, తీసేసినవి. అలా విడివిడిగానే గోడకు బాగా కుదిరింది. ముందే అలా చేయాలనుకున్నామని అధ్యక్షులవారు అతిథులకు చెప్పారు.

జమాఖర్చులు: కోశాధికారిగారి పట్టిక జతపరిచాం, ఆడిట్ అయింది, నిల్వ గత ఏడాది కన్నా తగ్గింది. షామియానా ఖర్చు మీద ప్రశ్నలుంటే కోశాధికారిగారిని అడగండి. చందా బకాయిల జాబితా నోటీసు బోర్డులో ఉంది. లండన్ బన్‌హిల్ ఫీల్డ్స్‌లో డెఫో సమాధి మీది స్తంభం 1870లో ఒక పత్రిక పిల్లలకు ఇచ్చిన పిలుపుతో, 1,700 మంది చందాలతో లేచింది. మన రసీదు పుస్తకంలో ఇంకా సగం కాగితాలు తెల్లగానే ఉన్నాయి.

ధన్యవాదాలు. మేడ ఇచ్చిన సభ్యుడికి, ఆయన కన్నా ముందుగా ఆ రాత్రి ముప్పై మందికి ఉప్మా చేసిన వారి శ్రీమతిగారికి. జిరాక్స్ డబ్బులు తీసుకోని షాపు యజమానికి. పెడన నుంచి బస్సులో వచ్చి, చార్జీలు కూడా వద్దన్న అద్దకం పెద్దాయనకు. చార్టు రాసిన ఇద్దరు డిగ్రీ విద్యార్థినులకు. తమ పేర్లు వేయవద్దని వాళ్లు కోరారు, వేయలేదు. కానీ మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి ఆ అక్షరాలు కార్యదర్శివని రాసేస్తారేమోనని ముందే చెబుతున్నా. నావి కావు.

వచ్చే ఏడాది రచయిత ఎవరన్నది సమావేశం నిర్ణయిస్తుంది. చార్టు మూడు ముక్కలూ ప్రస్తుతం మా వరండాలో ఉన్నాయి. వానాకాలం వచ్చేలోపు ఎవరైనా తీసుకెళ్లి దాచగలిగితే ఫోన్ చేయండి. ఉదయం తొమ్మిది తర్వాత అయితే మంచిది.

ఇట్లు,
కార్యదర్శి