చెంబుల లెక్క

కవిటి,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

బుధవారం నువ్వు ఫోన్ చేసేసరికి నేను సబ్‌సెంటర్‌లో ఉన్నాను. టీకాల రోజు కదా. ఎదురుగా పది మంది తల్లులు, పక్కన ఐస్ బాక్స్, చేతిలో సిరంజి. నీ గొంతు వినగానే ఏడుస్తున్నావని తెలిసింది, అయినా "రాత్రికి చేస్తాలే తల్లీ" అని పెట్టేశాను. రాత్రి చేస్తే "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా" అన్నావు. ఆ మాటతో నాలుగు రోజులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఫోన్లో అయితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, చెప్పాలనుకున్నది సగంలో ఆగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

నువ్వు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. నీ లిబరల్ ఆర్ట్స్ డిగ్రీలో ఈ నెలాఖరులోగా మెయిన్ సబ్జెక్టు ఏదో రాసివ్వాలి. రెండో ఏడాదికి వచ్చినా ఏదీ పూర్తిగా రాదనిపిస్తోంది. ఇంటర్లో నీతో కూర్చున్న పిల్లలు బీటెక్ ఇంటర్న్‌షిప్‌ల గురించి మాట్లాడుకుంటుంటే, నువ్వేం చదువుతున్నావో ఒక్క మాటలో చెప్పలేక సిగ్గుగా ఉంటోంది. మూడేళ్లతో డిగ్రీ తీసుకుని బయటికి వచ్చేద్దామా అని కూడా ఆలోచిస్తున్నావు.

సిగ్గు సంగతి ముందు చెప్తాను, అందులో నా తప్పు ఉంది కాబట్టి. పోయిన ఏడాది మీ పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశంలో, "మీ గుంటేటి సదువుతంది?" అని ఒకావిడ అడిగితే, "బెంగళూరులో డిగ్రీ, కంప్యూటర్లు" అనేశాను. నువ్వు నా పక్కనే ఉన్నావు. ఒక్క మాట కూడా అనకుండా ప్లేటు పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయావు. ఆ రోజు నుంచి అది నా మనసులో ముల్లులా ఉంది. కన్నతల్లే నీ చదువు పేరు నలుగురిలో చెప్పలేకపోతే నీకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? నన్ను క్షమించు. ఇప్పుడు ఎవరు అడిగినా, "రకరకాల శాస్త్రాలు కలిపి చదివే డిగ్రీ, నాలుగేళ్లు" అని చెప్తున్నాను. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని కొందరు అంటూనే ఉన్నారు. అననీ.

నా చదువు సంగతి నీకు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. పదో తరగతిలో నాకు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో సోషల్‌లోనూ ఇంచుమించు అన్నే వచ్చాయి. రెండూ ఇష్టమే. కాలేజీకి అప్లికేషన్ పెట్టడానికి వెళితే కౌంటర్ దగ్గర "ఏ గ్రూపు?" అని అడిగారు. ఎంపీసీ అంటే చరిత్ర లేదు, హెచ్ఈసీ అంటే లెక్కలు లేవు. పదిహేనేళ్ల పిల్లని సగం వదిలేసి సగమే తెచ్చుకోమన్నట్టు అనిపించింది. తాతయ్య బైపీసీ అన్నారు, ఆ తర్వాత ఏఎన్ఎం నర్సు ట్రైనింగ్ అన్నారు. ఈ పని మీద నాకు ఏ కంప్లైంటూ లేదు, ఎంతో మందికి పురుడు పోయించాను. కానీ నువ్వు మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్, చరిత్ర, పర్యావరణం, రాయడం అన్నీ ఒకే టర్మ్‌లో ఉన్నాయని చెప్పినప్పుడు, నాకు ఆ కౌంటరే గుర్తొచ్చింది.

"ఆర్ట్స్" అంటే బొమ్మలు గీయడమనుకున్నారు మీ నాన్న. నువ్వే కూర్చోబెట్టి చెప్పావు, పూర్వం యూరప్‌లో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం, ఈ ఏడూ కలిపి నేర్పేవాళ్లనీ, స్వతంత్రంగా బతికే మనిషికి ఇవన్నీ కావాలని "లిబరల్" ఆర్ట్స్ అని పేరు పెట్టారనీ. ఆయనకి అది బాగా నచ్చింది. ఇప్పుడు ఆయనే పదిమందికీ చెప్తున్నారు.

ఇక అసలు విషయం. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు కిడ్నీ జబ్బు మీద సర్వేకి ఇద్దరు కుర్ర డాక్టర్లు వచ్చారు, గుర్తుందా? మనింట్లో మజ్జిగ తాగి వెళ్లారు. వాళ్లని ఇళ్లకి తీసుకెళ్లింది నేనే. రక్తం తీయడంలో ఎంత జాగ్రత్తగా ఉన్నారో! ట్యూబు మీద నంబరు, టైము, ఐస్ బాక్స్, సాయంత్రానికల్లా ల్యాబుకి. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

జీడితోటలో కూలికి వెళ్లే ఒక తాత ఇంటికి వెళ్లాం. అరుగు మీద కూర్చున్నారు. డాక్టరు చేతిలో ట్యాబ్. "రోజుకి ఎన్ని లీటర్ల నీళ్లు తాగుతారు?" అని అడిగారు. తాత నా వైపు చూశారు. "లీటరంటే ఎంతమ్మా?" నేను నీళ్ల బాటిల్ చూపించాను. ఆయన కాసేపు దాన్నే చూసి, "రెండుంటాది" అన్నారు. రెండు అని ఎక్కించారు, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు.

లోపల అన్నం వారుస్తున్న ఆయన భార్య పక్కింటావిడతో ఒడియాలో అంటోంది, "తోటకెళ్లే రోజు పొద్దున ఒక చెంబు తాగి వెళ్తాడు, మళ్లీ పొద్దు వాలాకే" అని. నాకు వినపడింది. డాక్టర్లకి ఒడియా రాదు. బయటికొచ్చాక ట్యాబ్ పట్టుకున్న డాక్టరుతో చెప్పాను. మంచి మనిషి, విసుక్కోలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ అడిగారు. కానీ పని ఉన్న రోజు వేరు, లేని రోజు వేరు అని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. చివరికి రెండు లీటర్లే మిగిలింది.

తాత అబద్ధం చెప్పలేదమ్మా. డాక్టరు అడిగితే ఎంత చెప్తే సబబుగా ఉంటుందో అంత చెప్పారు. నడినెత్తి మీద ఎండలో, కూలి పోతుందన్న బెంగతో, నీళ్లు ఇంట్లో వదిలి వెళ్లే మనిషి రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ ప్రశ్న అలా అడగరు. ఆ రోజు రక్తంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ సరిగ్గానే తేలింది. దాని పక్కన గడిలో పడిన అంకె మాత్రం తప్పు. ఆ రెండూ కలిపి రేపు ఎవరో లెక్క కడతారు.

శ్రీకాకుళం జిల్లాలో మన ఉద్దానం గురించి నీకు కొత్తగా చెప్పేదేముంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ ఊరికెళ్లినా డయాలసిస్ మనుషులున్నారు. షుగరు లేదు, బీపీ లేదు, మొదట్లో ఒంట్లో బాధ కూడా తెలియదు. తెలిసేసరికి కిడ్నీలు చాలావరకు పోయి ఉంటాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, లోహాలన్నారు, ఎండలో నీళ్లు తాగకపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశపారంపర్యం అన్నారు. ఇదీ కారణం అని ఇంతవరకు తేలలేదు. శ్రీలంకలో వరి పండించేవాళ్లలో, మధ్య అమెరికాలో చెరుకు కోసేవాళ్లలో కూడా ఇలాంటి జబ్బే ఉందని నువ్వే పోయిన సెలవుల్లో చదివి చెప్పావు. ఎక్కడ చూసినా ఎండలో ఒళ్లొంచి పని చేసే పేదవాళ్లే కదమ్మా అన్నావు. ఆ మాట నాకు ఇరవై ఏళ్ల సర్వీసులో ఎవరి నోటా రాలేదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. అవి ఎంత అవసరమో రోజూ చూస్తున్నాను. అయినా డయాలసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. వైద్యం ఉచితమే, కానీ తోడు వెళ్లిన కొడుక్కి ఆ రోజు కూలి పోతుంది. మధ్యలో మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి అడిగితే జబ్బు సంగతి చెప్పరు, ఆటో డబ్బుల సంగతి చెప్తారు. దాన్ని ఏ సబ్జెక్టు కింద చదువుతారు? వైద్యమా, ఎకనామిక్సా, సోషియాలజీనా?

నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు శాలిహుండం తీసుకెళ్లాం. కొండ మీద ఇటుక స్తూపాల దగ్గర నిలబడి, వంశధార కళింగపట్నం వైపు సముద్రంలో కలవడానికి పోతుంటే చూసి, కిందికి దిగనని మారాం చేశావు. ఆ బౌద్ధ స్థలాన్ని 1919లో మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. బడిలో ఆయన పేరు చెప్తే వాడుక భాష అని మాత్రమే చెప్తారు. ఆయన పుట్టింది మన జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పే మేష్టారు. ముఖలింగం గుడిలో శాసనాలు చదవాలని పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. కొండ మీది సవర గిరిజనుల మాట నేర్చుకోవాలంటే పుస్తకం లేదు, పాఠం చెప్పేవాళ్లు లేరు. ఆ భాష మాట్లాడే మనిషినే గురువుగా పెట్టుకున్నారు. సవర పిల్లలకి వాళ్ల భాషలోనే బళ్లు పెట్టించారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో చెవులు దెబ్బతిన్నాయని చెప్తారు. మాటల కోసం జీవితం పెట్టిన మనిషికి వినికిడి పోవడం తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

ఆయన్ని ఏ గ్రూపులో వేస్తాం? చరిత్రా, భాషా, శాసనాలా? కానీ ఒకటి చూడు. ఒక్క సవర భాష మీదే దశాబ్దాలు కూర్చున్నారు. అన్నిట్లో వేలు పెట్టి వదిలేసిన మనిషి కాదు. నీకు నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. "ఏదీ పూర్తిగా రాదు" అని నువ్వు భయపడుతున్నావు చూడు, ఆ భయం మంచిదే, దాన్ని పోగొట్టుకోకు. ఐస్ బాక్స్ సరిగ్గా పట్టుకునే మనిషి లేకపోతే ఆ సర్వేలో రక్తం లెక్క కూడా పోయేది. పక్కవాళ్ల పని అర్థం చేసుకోవాలంటే ముందు మన పని ఒకటి గట్టిగా రావాలి.

ఎకనామిక్సా, ఎన్విరాన్‌మెంటా అని ఊగుతున్నావు. నన్నడిగితే ఎకనామిక్స్ తీసుకో. ఆటో డబ్బుల కథ నీకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. రెండోది తీసుకున్నా నాకు సంతోషమే. కానీ స్టాటిస్టిక్స్ వదలకు, కష్టంగా ఉన్నా సరే. మ్యాపుల మీద పని చేసే ఆ జీఐఎస్ కోర్సు కూడా తీసుకో. ఏ ఊళ్లో ఎన్ని కేసులో మ్యాపు మీద పెట్టి, పక్కన బావులు పెట్టి చూడాలని నాకు ఎన్నాళ్ల నుంచో ఉంది. ఒడియా నేను నేర్పుతాను.

మూడేళ్లకే వచ్చేయడం మాత్రం వద్దు. నాలుగో ఏడాదిలోనే కదా సొంత ప్రశ్న పట్టుకుని రీసెర్చ్ చేసేది. మూడేళ్లు విత్తనం వేసి కోతకి ముందు వచ్చేస్తానంటే ఎలా? లోన్ సంగతి పట్టించుకోకు. తిత్లీ తుఫానులో పడిపోయిన చెట్ల చోట నాన్న పెట్టిన కొబ్బరి మొక్కలు కాపుకొచ్చాయి. మొన్న మొదటి దింపు దింపించి, ఆ డబ్బు విడిగా నీ పేరున కట్టారు. నాతో కూడా చెప్పలేదు, పాస్‌బుక్కులో చూశాను.

ఉద్యోగం గురించి నాకు భయం లేదని చెప్పను. ఉంది. బీటెక్ పిల్లల్లా కాలేజీకి కంపెనీలు వచ్చి తీసుకెళ్లవేమో. వెతుక్కోవాల్సి రావచ్చు, ఇంకో రెండేళ్లు ఎంఏ చదవాల్సి రావచ్చు. వెతుక్కో. అంతవరకు మేమున్నాం.

ఇంకొకటి, నీకు ఇంతవరకు చెప్పనిది. ఆ సర్వే అయిన వారం నేనొక నోటుబుక్కు కొన్నాను. ఇళ్లకి వెళ్లినప్పుడల్లా, పని అయ్యాక, ఊరికే మాట్లాడుతున్నట్టు అడిగి రాసుకుంటూ వచ్చాను. తోటకెళ్లిన రోజు ఎన్ని చెంబులు, వెళ్లని రోజు ఎన్ని, ఎవరి బావి, ఏ నెల, ఒళ్లు నొప్పులకి ఏ బిళ్ల. చెంబు కూడా అందరిదీ ఒకటి కాదు కాబట్టి, ఇంటింటికీ వాళ్ల చెంబుతో మన బాటిల్లో నీళ్లు పోసి కొలిచి పక్కన రాశాను. 38 ఇళ్లు అయ్యాయి. దాన్నేం చేయాలో నాకు తెలియదు, నాకెవరూ నేర్పలేదు. ఆ తాత ఇల్లు మొదటి పేజీలోనే ఉంది. పోయిన వేసవిలో ఆయన పోయారు. సోంపేటలో ఏడాదిన్నర డయాలసిస్ నడిచింది.

సంక్రాంతికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ ఇప్పుడే చేసుకో, తర్వాత దొరకదు. పలాసలో నాన్న వచ్చి ఉంటారు. నోటుబుక్కు బీరువాలోంచి తీసి బయట పెడతాను. కొన్ని చోట్ల వాళ్లన్న ఒడియా మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. అవి నీకు అర్థం కావు, నేను చదివి చెప్తాను, నువ్వు ఎక్కించుకో.

అన్నం మానకు.

మీ అమ్మ