బాటిల్ మీద పేరు అదే, అడిగితే పలికే మనిషే లేడు

కస్టమర్ సేవల విభాగం వారికి,

అయ్యా,

నేను కావలిలో ఒక వైన్ షాపు కౌంటర్‌లో పనిచేస్తాను. గత నెల ప్రభుత్వ మద్యం డిపో నుంచి వచ్చిన మీ స్ట్రాంగ్ బీరు రెండు కేసుల గురించి ఈ ఫిర్యాదు. 24 సీసాల్లో 7 వెనక్కి వచ్చాయి. గడువు ఇంకా మూడు నెలలుంది. అయినా మూత తీస్తే గ్యాస్ లేదు, తడిసిన అట్టపెట్టె వాసన. రెండు సీసాల అడుగున తెల్లటి మడ్డి కూడా ఉంది. బ్యాచ్ నంబరు ఫొటోలు జతచేశాను. మూత తీయని సీసాలు నాలుగు పక్కన పెట్టి ఉంచాను.

బీరుకు గాలి తగిలినా, ఎక్కువ రోజులు వేడిలో ఉన్నా ఆ అట్ట వాసన వస్తుంది. మా వైపు ఎండలు తెలిసినవే, లారీలో టార్పాలిన్ కింద సరుకు ఉడికిపోతుంది. తప్పు ఫ్యాక్టరీలో జరిగిందా, దారిలోనా, డిపోలోనా అన్నది తేల్చాల్సింది మీరు.

తిట్లు మాత్రం నాకు పడుతున్నాయి. "ఏందన్నా, డూప్లికేటు సరుకు అమ్ముతుండావా?" అని రోజూ వచ్చే లారీ డ్రైవర్ నలుగురిలో అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుర్రాళ్ళయితే "ఈ కంపెనీని ఫారిన్ వాళ్ళు కొన్నాక నీళ్ళు కలుపుతున్నారు" అని తేల్చేశారు. నేను ఆ మాట నమ్మను. బీరు కంపెనీలు చేతులు మారడం కొత్త కాదు. హేవర్డ్స్ 5000 బీరు శా వాలెస్ కంపెనీ నుంచి విదేశీ కంపెనీ శాబ్‌మిల్లర్‌కు, 2016లో దాన్ని కొన్న ఏబీ ఇన్‌బెవ్‌కు వెళ్ళింది. శాబ్‌మిల్లర్ మొత్తాన్ని కొన్న ఆ ఒక్క కొనుగోలుకే పదివేల కోట్ల డాలర్లకు పైగా పెట్టారు. కింగ్‌ఫిషర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్‌లో డచ్ కంపెనీ హైనెకెన్ వాటా 2021లో 61.5 శాతానికి చేరింది. కౌంటర్ దగ్గరకొచ్చేవాడికి ఇవేవీ అక్కర్లేదు. బ్రాండ్ పేరు చెప్పి, కూలింగ్ ఉందా అని అడుగుతాడు, అంతే. అంత డబ్బు పోసి కొనేది ఆ నమ్మకాన్నే కదా!

మునుపు, 2019కి ముందు, మీ సేల్స్ ఆయన పదిహేను రోజులకోసారి షాపుకు వచ్చేవారు. పాడైన సీసా చూపిస్తే రాసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు సంగతి చెప్పేవారు. తర్వాత ఐదేళ్ళు ప్రభుత్వ షాపులు నడిచాయి, అడిగిన బ్రాండ్ దొరక్క జనం విసిగిపోయారు. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు తెరిచేసరికి మీ యాజమాన్యం మారింది. ఆయన రాలేదు, ఆయన బదులు ఇంకెవరూ రాలేదు.

లేబుల్ మీది నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను. హిందీ, ఇంగ్లీషు తప్ప తెలుగు లేదు. మెయిల్ పెడితే "మీ ఫిర్యాదు అందింది" అని మిషన్ జవాబు వచ్చింది. డిపోలో అడిగితే కంపెనీనే అడగమన్నారు.

ఆ బ్యాచ్‌ను పరీక్ష చేయించి, ఫలితం నాకు రాతపూర్వకంగా తెలుగులో పంపండి. ఏడుగురికీ షాపు సొంత డబ్బులు వాపసు ఇచ్చింది, అవి ఇప్పించండి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల షాపులకు ఒక మనిషిని పెట్టి, ఆయన నంబరు మాకివ్వండి. దాచిన నాలుగు సీసాలు తీసుకెళ్ళడానికి ఎవరినైనా ఈ నెలాఖరులోగా పంపండి. ఉదయం పది నుంచి కౌంటర్‌లోనే ఉంటాను.

ఇట్లు,
కౌంటర్ సేల్స్‌మన్,
కావలి, నెల్లూరు జిల్లా