క్రియాటినిన్ పక్కన ఇంకో అంకె వేయండి

సంపాదకులకు,

మా ఉదయగిరి వైపు ఎవరి రక్తపరీక్ష చీటీ చూసినా క్రియాటినిన్ 1.1 అనో 1.0 అనో ఉంటుంది. పక్కన నార్మల్ రేంజి 0.6–1.2, కింద ల్యాబ్ ముద్ర. కిడ్నీలకు ఢోకా లేదనుకుని చీటీ మడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కేస్తారు.

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం, దాన్ని కిడ్నీలు వడగట్టి మూత్రంలో పంపేస్తాయి. కిడ్నీలు మందగిస్తే రక్తంలో ఆ అంకె పెరగాలి. కానీ ఒంట్లో కండ లేని ముసలివాళ్లకు కిడ్నీల పని సగానికి పడిపోయినా ఆ అంకె రేంజి దాటకపోవచ్చు. అందుకే 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు వయసు, బరువు కలిపి, కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో అంచనా కట్టే ఒక లెక్క ఇచ్చారు. 140 లోంచి వయసు తీసేసి బరువుతో హెచ్చవేయాలి. వచ్చినదాన్ని, 72తో క్రియాటినిన్‌ను హెచ్చవేస్తే వచ్చే అంకెతో భాగించాలి. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ హెచ్చవేత. పాతికేళ్లు, 70 కిలోలున్న కుర్రాడికి క్రియాటినిన్ 1.1 ఉంటే నిమిషానికి 100 మి.లీ. పైనే వస్తుంది. డెబ్బై ఏళ్లు, 40 కిలోలున్న అవ్వకు అదే 1.1 ఉంటే 30 దగ్గర ఆగిపోతుంది. చీటీలో మాత్రం ఇద్దరూ నార్మలే!

క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది చూసి కిడ్నీల వడపోత వేగాన్ని అంచనా కట్టేదే ఈజీఎఫ్ఆర్. బరువు అడగని 2021 నాటి ఈ లెక్కలో ఆ అవ్వకు 54 వస్తుంది. రెండు లెక్కలకూ తేడా ఉంది, నిజమే. అయినా 60 లోపే కదా. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్క. ఈ సంగతి తెలియక ఆమె మోకాళ్ల నొప్పికి మందుల షాపులో, కిడ్నీలకు చేటు చేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర కొని మింగుతూనే ఉంటుంది. కిడ్నీలను బట్టి తగ్గించాల్సిన మాత్రలు కూడా పాత మోతాదులోనే నడుస్తాయి.

24 గంటల మూత్రం పట్టి తెచ్చి, కిడ్నీలు క్రియాటినిన్‌ను ఎంత వేగంగా బయటికి పంపుతున్నాయో (క్లియరెన్స్) నేరుగా చూపించుకోవచ్చు గానీ, కూలికి పోయే మనిషి డబ్బా వెంటేసుకుని చేలో తిరుగుతుందా? ఒక్కసారి పట్టడం మరిచినా లెక్క తప్పుతుంది.

వయసు, ఆడా మగా అన్నది చీటీ మీద ఎలాగూ రాస్తున్నారు. రిపోర్టు కంప్యూటర్లోనే తీస్తున్నారు. ఈజీఎఫ్ఆర్ అచ్చు వేయడానికి కొత్త రసాయనమేమీ అక్కర్లేదు. ప్రభుత్వ, ప్రైవేటు ల్యాబ్‌లన్నీ పెద్దవాళ్ల రిపోర్టుల్లో దాన్ని తప్పనిసరిగా వేయాలని నెల్లూరు జిల్లా వైద్యాధికారులు ఆదేశించాలి. ఊళ్లలో బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎంలు బరువు కూడా రాసిస్తే మందుల మోతాదు చూసే డాక్టరుకు పనికొస్తుంది. బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే జరగాలి.

– విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్, ఉదయగిరి